పైరుకు ఒక అదను, ఫైలుకు ఒక అదను

నెల్లూరు

అమ్మాయీ,

మొన్న రాత్రి నువ్వు ఫోనులో అన్న మాటలు నా చెవిలో ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. "చిన్నాన్నా, ల్యాబులో నా పని నేను చేసుకుంటుంటే తీసుకొచ్చి పరిశోధన విభాగం కుర్చీలో కూర్చోబెట్టారు. 22 ప్రాజెక్టుల ఫైళ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. పరిశోధన చేయడం నేర్చుకున్నానుగానీ, పరిశోధనను నడిపించడం నాకెవరు నేర్పారు?" అన్నావు. ఎవరూ నేర్పరమ్మా. నాకూ ఎవరూ నేర్పలేదు. వరి శాస్త్రవేత్తగా చేరి 19 ఏళ్లు పొలం గట్ల మీద తిరిగాను. ఆ తర్వాత 12 ఏళ్లు ఇతరుల ప్రాజెక్టులు చూసుకునే బాధ్యత మీద పడింది. ఆ కాలంలో దెబ్బలు తిని తెలుసుకున్నదంతా ఫోనులో చెప్పగలిగింది కాదు, అందుకే రాస్తున్నాను. ఒంగోలు విశ్వవిద్యాలయంలో నీకు తీరిక దొరికిన రోజు నిదానంగా చదువు.

ఒక పరిశోధన దెబ్బతింటే మనం విత్తనాన్నో, పరికరాన్నో, విద్యార్థినో తప్పుపడతాం. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు అక్కడ లేదు. పని నడక ఒక తీరుగా, దాని చుట్టూ ఉన్న నిబంధనల నడక ఇంకో తీరుగా ఉండి, ఆ రెంటి మధ్య పని నలిగిపోయింది. ప్రతి నిబంధనా ఎక్కడో ఏదో ఒక కారణంతోనే పుడుతుంది. అది మన ఊరు చేరేసరికి కారణం దారిలోనే దిగిపోతుంది, నిబంధన ఒక్కటే వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఆ కారణమేమిటో వెతికి తెలుసుకోవాలి, మన పని ఎలా నడుస్తుందో ఆ నిబంధన రాసేవాళ్లకు, అమలు చేసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. నీ కొత్త ఉద్యోగం ఇదే. సంతకాలు, సమావేశాలు దీని తర్వాతే.

ముందు కాలం సంగతి. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా కళ్ల ముందు పాడైన ఫలితాల్లో చాలావరకు దీనివల్లే పాడయ్యాయి.

మన పెన్నా డెల్టాలో పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు పడాలి, సోమశిల జలాశయంలో నీళ్లు చేరాలి, నీటిపారుదల సలహా మండలి కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో తేల్చాలి. ఆ లెక్కను బట్టి నారు, ఆపైన నాట్లు. కోతలు మార్చిలో ఊపందుకుంటాయి, నాట్లు ఆలస్యమైన చోట ఏప్రిల్‌లోకి జరుగుతాయి. ప్రభుత్వ లెక్కల సంవత్సరం మాత్రం మార్చి 31న ముగిసిపోతుంది. 1867లో ఆంగ్లేయుల ప్రభుత్వం తమ దేశపు లెక్కలకు సరిపోయేలా ఇక్కడ పెట్టిన పద్ధతి అది. పెన్నా ఒడ్డున వరి ఎప్పుడు కోతకొస్తుందో చూసి పెట్టింది కాదు. కోత కూలికి డబ్బు కావలసిన వారంలోనే ఖజానా మూతపడుతుంది.

నాకు ప్రయోగపు మడుల్లో నాట్లు వేయించడం నేర్పిన పెద్దాయన ఒకరు ఒక ఏడు ఇందులో ఇరుక్కున్నారు. ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వు జూన్‌లో వచ్చింది, సొమ్ము జనవరి మూడో వారంలో చేతికందింది. మార్చి నెలాఖరుకు పైరు ఇంకా పాలుపోసుకుని గట్టిపడుతోంది. కూలీల పద్దులో మిగిలింది వెనక్కి పోతే ఏప్రిల్‌లో కోత కోసేవాళ్లకు ఇవ్వడానికి రూపాయి ఉండదు. ఆయన మార్చి 29న మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, రాయించి, 14 మంది ఆడకూలీల చేత వేలిముద్రలు వేయించి, డబ్బు తీసి కవరులో పెట్టి బీరువాలో దాచారు. ఏప్రిల్ 9న కోత అయ్యాక పైసాతో సహా వాళ్లకే ఇచ్చారు. తనకోసం ఒక్క రూపాయి ముట్టుకున్న మనిషి కాదు.

ఐదేళ్ల తర్వాత ఆడిట్ వచ్చింది. ఆ గదిలో నేనూ ఉన్నాను. చిన్న వయసు ఆడిటరు రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచి పెట్టాడు. ఒకటి మస్టర్ రోల్: మార్చి 27, 28, 29, కోత కూలి, ఊదారంగు సిరాతో వేలిముద్రలు. రెండోది పొలం పరిశీలన పుస్తకం. అందులో మా పెద్దాయన ముత్యాల్లాంటి చేతిరాతతో ఉంది: "కోత, ఏప్రిల్ 9. గింజలో తేమ 21 శాతం." ఆడిటరు ఒక వేలు ఈ వరుస మీద, ఇంకో వేలు ఆ వరుస మీద పెట్టి తలెత్తి చూశాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆడిట్ పేరా, అంటే రాతలో అభ్యంతరం, పడింది, ఆ సొమ్ము కట్టమన్నారు, ఆయన పెన్షను రెండేళ్లు ఆగింది. ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఆయన ఆ రెండేళ్లూ ఎలా గడిపారో నాకు తెలుసు.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది ఆ తర్వాత జరిగింది. ఆ పేరా భయంతో మరో ప్రాజెక్టులో మరుసటి ఏడాది మార్చి 26నే కోయించేశారు. కంకి అడుగున గింజలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దిగుబడి తక్కువొచ్చింది, ఆ అంకెలే నివేదికలోకి ఎక్కాయి, ఆ రకం పనికిరాదని తీసి పక్కన పెట్టారు. తప్పుడు వోచరును పట్టుకోవడానికి ఆడిటరు ఉన్నాడు. తప్పుడు దిగుబడిని పట్టుకోవడానికి ఎవరూ రారమ్మా. అది అలాగే ఉండిపోయి, దాన్ని నమ్మిన ప్రతివాళ్లనూ తప్పుదారి పట్టిస్తుంది. డబ్బు తేదీకి పనిని కోసి సరిపెట్టే పరిస్థితి ఎక్కడ కనిపించినా నువ్వు అడ్డం పడు.

ఎలా అడ్డం పడాలో చెబుతాను. ప్రతిపాదన రాసేటప్పుడే పంట క్యాలెండరును, లేదా నమూనాలు తీసే క్యాలెండరును బడ్జెట్టు పక్కనే పెట్టించు. ఏప్రిల్‌లో జరిగే కోత ఖర్చు రెండో ఏటి పద్దులో ఉండాలి, మొదటి ఏటి పద్దులో కాదు. ఒక్క వరుస మార్పు, ప్రతిపాదన దశలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. మంజూరయ్యాక మార్చాలంటే ఆరు నెలలు ఉత్తరాలు నడుస్తాయి. సొమ్ము ఆలస్యంగా వచ్చినప్పుడు, మిగిలేదాన్ని వచ్చే ఏటికి వాడుకునే అనుమతి జనవరిలోనే అడుగు. మార్చి 25న రాసిన ఉత్తరాన్ని ఎవరూ తెరవరు. నా రోజుల్లో గ్రాంటు సొమ్ము మన బ్యాంకు ఖాతాలో ఉండేది, ఒక వారం అటూ ఇటూ సర్దుకునే వీలుండేది. 2021-22 తర్వాత కేంద్ర నిధులు చాలావరకు జీరో బ్యాలెన్స్ ఖాతాల పద్ధతిలోకి మారాయి. డబ్బు మన దగ్గర ఉండదు, ఖర్చు చేసే హద్దు మాత్రమే ఉంటుంది, ఏడాది చివర అది దానంతటదే ఖాళీ అవుతుంది. దీనికీ కారణం ఉంది. నిధులు సంస్థల ఖాతాల్లో ఏళ్ల తరబడి నిద్రపోయేవి, ప్రభుత్వం మాత్రం అప్పు మీద వడ్డీ కడుతుండేది. ఆ కారణం న్యాయమైనదే. అందుకే దాన్ని తిట్టి లాభం లేదు, ముందుగా మేలుకోవడమే మనం చేయగలిగింది.

ఇంకొకటి. నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది చెబుతాను. మా అకౌంట్స్ సూపరింటెండెంటు కఠినమైన మనిషి, ప్రతి బిల్లుకూ మూడు కొర్రీలు వేసేవారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మా శాస్త్రవేత్తలు ఆయన వెనక అనుకునేవాళ్లు. ఒక డిసెంబరు ఉదయం ఆయన్ను నాట్ల దగ్గరికి తీసుకెళ్లాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి గట్టు మీద నిలబడ్డారు. తాడు పట్టి, కుదురుకూ కుదురుకూ మధ్య దూరం కొలిచి నాటుతున్న ఆడవాళ్లను చూశారు. "ఇది పండేదెప్పుడు?" అని అడిగారు. నాలుగు నెలలని చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అంటే ఏప్రిల్ కదా!" అన్నారు. అంతే. మరుసటి ఏడాది జనవరి మొదటి వారంలో ఆయనే నా గదికి వచ్చి, అనుమతి ఉత్తరం రాశారా అని అడిగారు. పదేళ్లుగా ఆయన మా బిల్లులు చూస్తున్నారు, పొలాన్ని ఎవరూ చూపించలేదు.

కాలం గురించే మరో మాట. ప్రాజెక్టులు మూడేళ్లవి. ఒక వరి రకం తయారు కావడానికి పదేళ్ల పైనే పడుతుంది: సంకరం, తరం తర్వాత తరం ఎంపిక, కేంద్రంలో పరీక్షలు, ఇతర కేంద్రాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో మినీకిట్లు అనే చిన్న విత్తన సంచులతో పరీక్షలు, విడుదల కమిటీ, చివరికి నోటిఫికేషన్. నెల్లూరు మసూరి అని అందరూ పిలిచే ఎన్ఎల్ఆర్ 34449 లాంటి రకాలు ఏ ఒక్క మూడేళ్ల గ్రాంటుతోనూ పుట్టవు. శాశ్వత ఉద్యోగాలు, సంస్థ సొంత పొలం, 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి ప్రాజెక్టు లాంటి వ్యవస్థ వెనక ఉంటేనే పుడతాయి. నీ 22 ప్రాజెక్టుల్లో మూడేళ్లలో తేలేవి ఏవి, తేలనివి ఏవి అని ముందుగా వేరుచెయ్యి. రెండో రకానికి మూడేళ్ల డబ్బు తెచ్చుకున్నవాళ్లను పిలిచి మాట్లాడు. ప్రాజెక్టు ముగిశాక విత్తనం, నమూనాలు, డేటా ఎవరి బీరువాలో ఉంటాయో ఇప్పుడే రాయించుకో. కాలం తీరిన ప్రాజెక్టుల డీప్ ఫ్రీజర్లు కరెంటు తీసేసి ఉండటం నేను చూశాను. లోపల ఎవరిదో ఆరేళ్ల శ్రమ కరిగిపోయి ఉంది.

ఇక యజమానుల సంగతి. నీ ప్రాజెక్టుల్లో చాలావాటికి డబ్బు ఢిల్లీది, నీ ఉద్యోగం రాష్ట్రానిది, పని జరిగే నేల ఊరివాళ్లది. ముగ్గురి పద్ధతులూ వేరు. కేంద్రం ఇచ్చిన గ్రాంటుకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, వడ్డీ వస్తే వెనక్కి కట్టాలి. నియామకాలకు, కొనుగోళ్లకు మీ సంస్థ అనుసరించే నిబంధనలు మరో పుస్తకంలో ఉంటాయి. రెండూ ఢీకొన్నప్పుడు మంజూరు ఉత్తర్వులోని షరతులే నీకు ఆధారం. ఆ షరతుల పేజీని చాలామంది శాస్త్రవేత్తలు చదవరు, మొత్తం ఎంతో చూసి మడిచి పెట్టేస్తారు. నువ్వు ప్రతి ప్రాజెక్టుకూ ఆ పేజీ నకలు తీయించి ఫైలు మొదట్లోనే కుట్టించు.

కొనుగోళ్లలో అతి తక్కువ ధరకే ఇవ్వాలన్న పద్ధతిని అందరూ తిడతారు. బంధువుల దుకాణాల్లో కొనకుండా ఆపడానికి వచ్చిన పద్ధతి అది. దాన్ని దాటవేయాలని చూడకు. నీకు కావలసింది ఏమిటో సరిగ్గా రాయి. ఎంత సూక్ష్మంగా కొలవాలి, ఎన్ని గంటల కరెంటు కోత తట్టుకోవాలి, చెడిపోతే ఎన్ని రోజుల్లో ఒంగోలు దాకా వచ్చి బాగుచేయాలి, ఇవన్నీ టెండరు కాగితంలో ఉంటే తక్కువ ధరవాడూ సరైన వస్తువే ఇవ్వక తప్పదు. రాయడం చేతకాక చవక వస్తువు తెచ్చుకుని నియమాన్ని నిందించిన సందర్భాలు నాకు చాలా తెలుసు. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ శాస్త్ర పరిశోధన కొనుగోళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి 1 లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగాయి. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్ బయట పరికరాలు కొనే అధికారం సంస్థల అధిపతులకు వచ్చింది. అది కొన్ని శాఖల కిందివాటికే. మీ ప్రాజెక్టుల్లో దేనికి వర్తిస్తుందో ఫైనాన్స్ విభాగం చేత రాతపూర్వకంగా తేల్పించుకో, నోటిమాట మీద కొనకు.

వ్యవస్థ ఎలా కడితే పని అలా నడుస్తుందనడానికి మనకు పక్కనే శ్రీహరికోట ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లా. 1972లో అంతరిక్ష కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి. ఇస్రో అధ్యక్షుడే శాఖ కార్యదర్శి, ఆయనే కమిషన్ అధ్యక్షుడు. పని తెలిసినవాడి చేతిలోనే ఫైలు మీద సంతకం చేసే కలం ఉంది. మన చిన్న సంస్థల్లో ఆ రెండు చేతులూ వేరు. వాటిని కలిపే అధికారం నీకు లేదు. రెండు చేతుల మధ్య కాగితం ఆలస్యం కాకుండా చూడటం మాత్రం నీ చేతిలో ఉంది.

కొన్నిసార్లు నిబంధన మారడం కాదు, పని కిందున్న నేలే మారిపోతుంది. మన తీరంలో రొయ్యల కథ నీ చిన్నప్పుడు ఇంట్లో విన్నదే. 1990ల మొదట్లో అంతా టైగర్ రొయ్య. తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు తుడిచిపెట్టింది. ఆ వెంటనే 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువుల మీద కఠినమైన ఆంక్షలు పడ్డాయి. 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం. 2009లో వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చారు. వ్యాధి లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి, ఆ తర్వాతే హేచరీలకు ఇవ్వాలని నియమం. కొన్నేళ్లలో తీరమంతా వనామీ అయింది. నాకు తెలిసిన ఒక కుర్రవాడు టైగర్ రొయ్య వ్యాధుల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. థీసిస్ ఇచ్చే నాటికి నమూనా కోసం టైగర్ చెరువు వెతుక్కుంటూ కృష్ణపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా తిరిగాడు. అతని సైన్సులో లోపం లేదు. వనామీకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న చర్చ అంతకు ముందు ఏళ్ల తరబడి నడిచింది. అతనికి దారి చూపాల్సిన పెద్దలెవరూ దాన్ని గమనించలేదు.

అందుకని గెజిట్ చదివే అలవాటు చేసుకో. చర్చకు పెట్టిన ముసాయిదాలను కూడా చదువు, అభిప్రాయాలు పంపమని అడిగినప్పుడు పంపు. మన జిల్లాల నుంచి ఎవరూ రాయకపోతే మన ఉప్పునీటి చెరువుల సంగతి ఎవరికీ తెలియదు. జీవవైవిధ్య చట్టానికి 2023లో సవరణలు వచ్చాయి. పాత మొలగొలుకుల లాంటి దేశవాళీ రకాలు, యానాదులకు తెలిసిన మందు మొక్కలు ముట్టుకునే ప్రాజెక్టు ఏదైనా ఉంటే, నమూనా సేకరించడానికి ముందే అనుమతుల సంగతి చూడు. ఊరివాళ్ల దగ్గర తీసుకున్నది వాళ్ల పేరు లేకుండా పేపరులోకి ఎక్కడం నాకు సహించరాని విషయం. చట్టం అడిగినా అడగకపోయినా నువ్వు అడుగు.

సంస్థల హద్దులు ప్రశ్నలను ఎలా ముక్కలు చేస్తాయో కూడా చూడు. పొదలకూరు వైపు ఒక రైతు ఇంటికి వెళ్లు. వరి ఉంటుంది, నిమ్మతోట ఉంటుంది, గేదెలుంటాయి, నెల్లూరు గొర్రెలుంటాయి. బంధువుల చెరువులో వాటా కూడా ఉండవచ్చు. 1964లో రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆ ఇంటి పాడీ పంటా ఒకే గొడుగు కింద ఉండేవి. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం, తర్వాత మత్స్యం వేర్వేరు విశ్వవిద్యాలయాలయ్యాయి. 2014లో రాష్ట్రమే విడిపోయింది. ఒక్కో రంగానికి విడిగా లాభం ఉండవచ్చు, కాదనను. కానీ ఆ ఇంటి ఎరువు, మేత, నీళ్లు, అప్పు ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో చదవాలంటే ఇప్పుడు నాలుగు అవగాహన ఒప్పందాలు కావాలి. ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడానికి కారణం దాని విలువ తక్కువని కాదు, దానికి పద్దు లేదని. మీలాంటి సాధారణ విశ్వవిద్యాలయానికి ఇక్కడ అవకాశం ఉంది, వదులుకోకు.

జిల్లాల హద్దులూ అంతే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ మార్పులో కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతికి వెళ్లాయి. 2011 జనాభా లెక్కలు పాత హద్దులవి. సర్వే ప్రాజెక్టులన్నిటిలో జిల్లా పేరుతో ఆగకుండా మండలం, గ్రామం పేర్లు తప్పకుండా నమోదు చేయించు.

కొత్త జాతీయ పరిశోధన ఫౌండేషన్ గురించి అడిగావు. 2023 చట్టంతో వచ్చి పరిశోధన గ్రాంట్లిచ్చే పాత కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో కూర్చుంది. ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయటి నుంచి రావాలని అంచనా. పెద్ద సంస్థ ఇరుసుగా, చిన్న సంస్థలు బండిచక్రపు ఆకులుగా ఉండే పథకం కూడా తెచ్చారు. అందులో చేరు, కానీ ఒప్పందంలో పరికరాల మీద మీ పిల్లలకు ఎన్ని రోజులు, పేపర్లలో ఎవరి పేరు ఎక్కడ, అన్నవి ముందే రాయించుకో. నమూనాలు మోసుకెళ్లి ఇచ్చి ఊరుకునే పనికి ఒప్పుకోకు.

ఇప్పుడు పిల్లల సంగతి. ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 అయింది, కాగితం మీద బాగుంది. అది ఏడు నెలలు రాకపోతే ఆ పిల్లవాడు ఏం తింటాడు? ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గర పనిచేసేది. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేస్తే తను సూక్ష్మదర్శిని ముందే కూర్చునేది. పని మీద శ్రద్ధ అనుకుని ఒకసారి మెచ్చుకున్నాను కూడా. మెస్ బిల్లు కట్టలేదని నెల తర్వాత తెలిసింది. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ తర్వాత మేము ప్రాజెక్టుల మీద సంస్థకు వచ్చే ఓవర్‌హెడ్, అంటే నిర్వహణ ఖర్చుల సొమ్ములో కొంత వేరుగా పెట్టి, గ్రాంటు ఆలస్యమైతే అందులోంచి ఫెలోషిప్ ఇచ్చి, సొమ్ము వచ్చాక సర్దుబాటు చేసుకునే పద్ధతి పాలకమండలి తీర్మానంతో పెట్టించాం. తీర్మానం లేకుండా చేస్తే అది మళ్లీ ఆడిట్ పేరా అవుతుంది. నీ మొదటి ఆరు నెలల్లో ఒక్క పనే చేయగలిగితే ఇది చెయ్యి.

పేపర్ల లెక్క గురించి క్లుప్తంగా చెబుతాను. పదోన్నతికి అంకెలు అడిగితే మనుషులు అంకెలే తయారుచేస్తారు. ఆ ధోరణి ముదిరి డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలు పెరిగాకే యూజీసీ 2018లో నమ్మదగ్గ పత్రికల పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఆపేసింది. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ముందు పేపరు తప్పనిసరి అన్న షరతు తీసేశారు. ఇప్పుడు మంచి పత్రిక ఏదో తేల్చే భారం సంస్థల మీదే పడింది. దాన్ని నీ శాఖల్లోని నిజమైన చదువరులకు అప్పగించు, పట్టికలు నింపేవాళ్లకు వదిలేయకు.

చివరగా నీ ఫైళ్లలో ఉన్న పొదిలి, కనిగిరి వైపు భూగర్భజలాల ప్రాజెక్టు. దాని పేరు వినగానే నాకు ఒక సంవత్సరం గుర్తొచ్చింది, 1937. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోవడం గురించి మన దేశంలో తొలి శాస్త్రీయ నివేదిక ఆ ఏడు అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. నీ ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, పొదిలి, కనిగిరి, దర్శి అంతకు ముందు నెల్లూరులోనివే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని ప్రమాణం ఉంది. కారణం తెలుసు, కొలత తెలుసు. నా ఉద్యోగం చివరి రోజుల్లో కూడా ఆ వైపు ఊళ్లలో నడుము నిఠారుగా నిలబెట్టలేని నా ఈడువాళ్లను చూశాను. నమూనా తీసేది ఒకరు, బోరు వేసేది ఇంకొకరు, ఆసుపత్రి మరొకరిది. ఒకరి నివేదిక మరొకరి బల్ల మీదికి వెళ్లే ఏర్పాటు ఏ ప్రాజెక్టులోనూ రాసి ఉండదు. మరో 200 బావుల నీళ్లు కొలిచి మరో పేపరు రాయడానికి మాత్రమే ఆ ప్రాజెక్టు అయితే నాకు సంతోషం లేదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీరును మొదటి సమావేశానికే పిలువు. ఫలితాలు ఏ నెలలో వస్తే ఆయన వచ్చే ఏటి పనుల్లో పెట్టుకోగలడో అడుగు, నమూనాల తేదీలు దాన్ని బట్టి వెనక్కి లెక్కేసి పెట్టించు. ప్రతి ఇంటివాళ్లకూ వాళ్ల బావి అంకె తెలుగులో రాసిన చీటీ ఇవ్వాలన్నది ప్రాజెక్టు పనుల్లో ఒకటిగా చేర్చి, దానికి అచ్చు ఖర్చు కూడా బడ్జెట్టులో చూపించు.

మొదటి నమూనాలు తీసే రోజు జీపులో మీ అకౌంట్స్ ఆఫీసరుకు కూడా ఒక చోటు ఉంచు. ఎండ ఎక్కకముందే బయలుదేరండి. ఏదో ఒక ఇంటి అరుగు మీద ఆయన్ను కాసేపు కూర్చోనివ్వు, వాళ్లు మాట్లాడతారు.

నా 12 ఏళ్ల నోటుబుక్కులు పిన్ని అట్టపెట్టెలో సర్దింది. ఏ నెలలో ఏ ఉత్తరం వెళ్లాలో ఎర్ర సిరాతో గీసిన పట్టిక మూడోదాంట్లో ఉంది. వచ్చే ఆదివారం తమ్ముడి చేత పంపిస్తాను, గోంగూర పచ్చడి సీసా కూడా అందులోనే ఉంటుంది, పెట్టె నిలువుగా పట్టుకోమను.

ఆశీస్సులతో,
చిన్నాన్న